ఒక్కదానికి 26 కిలోల బస్తా

హైదరాబాద్‌లో హాస్టల్ వదిలి ఎర్రగడ్డలో గది తీసుకున్న మొదటి వారంలో నేను చేసిన ఘనకార్యం బియ్యం బస్తా కొనడం. బాపట్లలో మా ఇంట్లో బియ్యమంటే బస్తానే. కిలోల లెక్కన కొనడమంటే అమ్మకి నామోషీ. పైగా అది మా ఊరి పరిశోధన కేంద్రంలో పుట్టిన రకం, బీపీటీ 5204. సాంబ మసూరి అంటే అందరికీ తెలుస్తుంది. సంచి మీద ఆ పేరు చూడగానే బేరం కూడా ఆడలేదు. తీరా చూస్తే బస్తా 26 కిలోలుంది. పాతిక కదా ఉండాలి అని అడిగితే, పాతిక కిలోల వరకూ ప్యాక్ చేసిన బియ్యానికి 5 శాతం జీఎస్టీ ఉందనీ, 2022 జులైలో ఆ రూల్ వచ్చాక మిల్లుల వాళ్లు ఇంకో కిలో పోసి కుడుతున్నారనీ కొట్టాయన చెప్పాడు. "పన్ను మిగిలింది కదమ్మా నీకు" అన్నాడు. నేను కూడా మిగిలిందనే అనుకున్నాను.

నేను రోజు మొత్తానికి వండుకునేది 200 గ్రాములు. అదీ రోజూ కాదు. ఏప్రిల్‌లో కొన్న బస్తాకి వానలు మొదలవగానే పురుగు పట్టింది. వేపాకు వేశాను, ఎండుమిరపకాయలు వేశాను, ఆదివారం పూట డాబా మీద చీర పరిచి ఎండబోశాను. మబ్బు పట్టి మళ్లీ లోపలికి మోశాను. జులై చివరికి ఇంకా ఎనిమిది కిలోల దాకా ఉన్నాయి, చెయ్యి పెడితే గుప్పెట్లో బియ్యం కంటే పురుగులే ఎక్కువ. ఆ నెల ఎర్రగడ్డ పావురాలు సాంబ మసూరి తిన్నాయి.

అప్పటికి నా పరిస్థితి ఇది. చేతికొచ్చే జీతం 27,000. ఇంటికి 5,000 పంపాలి. అమీర్‌పేట హాస్టల్లో నలుగురం ఒక గదిలో, తిండితో కలిపి 6,500 కట్టేదాన్ని. ఆ సాంబారూ నల్లులూ భరించలేక బయటికొచ్చాను. ఎర్రగడ్డలో నాలుగంతస్తుల ఇంటి మీద పెంట్‌హౌస్, అద్దె 7,000. పెంట్‌హౌస్ అంటే ఏదో ఊహించుకోకండి, హైదరాబాద్‌లో డాబా మీద కట్టిన ఒంటి గదిని అలాగే అంటారు. వండుకు తింటాను కాబట్టి మొత్తం మీద హాస్టల్ కంటే రెండు మూడు వేలు ఎక్కువవుతుందేమో అని లెక్కేసుకున్నాను. అయిదు నెలల స్టేట్‌మెంట్ ముందేసుకుని కూడితే అద్దె, తిండి, కరెంటు, గ్యాస్ కలిపి నెలకి 16,000 దాటుతోంది. హాస్టల్లో ఉన్నప్పుడు దాచిన 22,000 కూడా కరిగిపోయింది.

దుబారా చేస్తున్నానా అంటే అదీ లేదు. అమ్మ చేసేవన్నీ చేస్తున్నాను. టోకున కొంటున్నాను, ఇంట్లో వండుతున్నాను, బయట తినడం లేదు. అమ్మ పొదుపు నలుగురున్న ఇంటి పొదుపు అని నాకు తట్టడానికి చాలా రోజులు పట్టింది. అక్కడ కిలో వంకాయలు ఒక పూటకి చెల్లిపోతాయి. నా దగ్గర కిలో వంకాయలు మూడో రోజుకి ముడతలు పడి నన్నే చూస్తుండేవి. చవకగా కొని పారేసిన దానికన్నా ఖరీదైంది ఇంకోటి లేదు.

అలా ఒక్కదాని లెక్క మొదటి నుంచి వేసుకోవాల్సి వచ్చింది. మొదటి పాఠం కర్రీ పాయింట్ దగ్గర.

మా వీధి చివర కర్రీ పాయింట్ ఉంది. రాజమండ్రి వైపు వాళ్లు, మొగుడూ పెళ్లాం నడుపుతారు. పప్పు, వేపుడు, పులుసు, ఏదైనా కవర్ 35 రూపాయలు. బయట కొనకూడదన్న పట్టుదలతో కొన్ని నెలలు దాని ముందు నుంచే తల తిప్పుకుని నడిచాను. ఒక ఆదివారం కూర్చుని బీరకాయ కూర లెక్కేశాను. అరకిలో బీరకాయలు, ఉల్లిపాయలు, పచ్చిమిర్చి, పోపు, నూనె, గ్యాస్ కలిపితే 45 దాకా తేలింది. రెండు పూటలు తిన్నాను, మూడో పూటకి పాడైంది. కర్రీ పాయింట్ కవర్ కూడా నాకు రెండు పూటలు వస్తుంది. గంట సేపు పొయ్యి ముందు నిలబడే పనీ తప్పుతుంది. అప్పటి నుంచి అన్నం, చారు, పెరుగు ఇంట్లో, వారంలో మూడు రోజులు కూర వాళ్ల దగ్గర. నూనె కాస్త ఎక్కువే వేస్తారు, అందుకే మూడు రోజులే. కవర్ బదులు స్టీలు గిన్నె పట్టుకెళ్తే ఆవిడ గరిటె ఇంకోసారి వంచుతుంది. "కవర్‌కి కొలత ఉంటది, గిన్నెకేముందమ్మా" అంటుంది. పప్పు మాత్రం నేనే వండుకుంటాను. చిన్న కుక్కర్‌లో గుప్పెడు కందిపప్పు పడేస్తే ఏ కర్రీ పాయింటూ ఆ ధరకి ఇవ్వలేదు.

మిగతా నాలుగు రోజులకి కూరగాయలు ఎర్రగడ్డ రైతుబజార్‌లో. ఆ రోజు ధరలు బోర్డు మీద రాసి ఉంటాయి కాబట్టి బేరాల గొడవ లేదు. గొడవంతా పావు కిలో దగ్గరే. మొదటిసారి పావు కిలో దొండకాయలు అడిగితే ఆ పెద్దావిడ తక్కెడ కూడా ముట్టుకోలేదు. "పావుకిలో ఏం జోకాలె బిడ్డా, అర్ధకిలో తీస్కపో" అంది. సిగ్గుపడి అరకిలో తెచ్చుకున్నాను. రెండోసారి సిగ్గుపడలేదు. మూడు నెలలయ్యాక ఆవిడే, నేను కనపడగానే "వచ్చిందమ్మా పావుకిలో పిల్ల" అని పక్కామెతో అని నవ్వేది. బయట బండి మీద కంటే ఎంత మిగులుతుందో చెప్పలేను కానీ పారేసేది మాత్రం ఆగిపోయింది.

ఆకుకూరలకి పావు లెక్కలు కుదరవు. ఇరవైకి నాలుగు కట్టలిస్తారు, నాకు కావాల్సింది ఒకటి. ఇక్కడ పక్క గది అక్క దేవుడిలా దొరికింది. ఆమె ఆసుపత్రిలో నర్సు, మహబూబ్‌నగర్ వైపు. డ్యూటీల వల్ల మేమిద్దరం మాట్లాడుకోవడం తక్కువ, పంచుకోవడం ఎక్కువ. కొత్తిమీర సగం, గోంగూర సగం, గుడ్ల ట్రే చెరి పదిహేను. ఎవరు కొంటే వాళ్లు తలుపు వెనక వేలాడదీసిన కాలెండర్ మీద రాస్తారు, నెలాఖరున తేడా ఇచ్చేసుకుంటాం. గ్యాస్ మాత్రం నాది నాకే. 5 కిలోల చిన్న సిలిండర్, కిలోకి చూస్తే పెద్ద సిలిండర్ కంటే ఎక్కువే పడుతుంది. అయినా అడ్రస్ ప్రూఫ్ లేకుండా దొరికేది అదొక్కటే.

కరెంటు దగ్గర నిజంగా గొడవైంది. మా గదులకి సబ్ మీటర్లు. ఓనర్ అంకుల్ యూనిట్‌కి 9 రూపాయలు తీసుకుంటారు. నాకు నెలకి 60 యూనిట్లు, 540 రూపాయలు. ఆఫీసులో నా పక్క సీటు అతను తన ఇంటి బిల్లు చూపించాడు. నెలకి 100 యూనిట్ల లోపు వాడే ఇంటికి మొదటి 50 యూనిట్లు 1.95 చొప్పున, ఆ తర్వాతవి 3.10 చొప్పున. ఆ లెక్కన నా 60 యూనిట్లకి ఛార్జీ 128.50. మిగతా చిల్లర ఛార్జీలు కలిపినా 540 ఎక్కడ, ఇదెక్కడ! ఒళ్లు మండి కిందికి దిగాను.

అంకుల్ నన్ను కూర్చోబెట్టి తన బిల్లు తీశారు. ఆయన ఇల్లూ మా రెండు గదులూ అన్నీ ఒకే మీటర్ మీద. 200 దాటిన ఇంటికి మొదటి యూనిట్ నుంచే 5.10 పడుతుంది. 200 నుంచి 300 దాకా 7.70, ఆ పైన 400 దాకా 9. ఆయన ఇంటికే 300 అవుతుంది, మావి దాని నెత్తిన కూర్చుంటాయి. "నీ యూనిట్లు నాకు తొమ్మిదికే పడుతున్నాయమ్మా, నేనేం మిగుల్చుకోవట్లేదు" అన్నారు. కాదనలేకపోయాను. మా పైగదులకి వేరే మీటర్ పెట్టించమంటే, పర్మిషన్ లేని కట్టడానికి మీటర్ ఇవ్వరన్నారు. దాంతో మాట అక్కడే ఆగింది.

రేటు తగ్గదు కాబట్టి యూనిట్లు తగ్గించాలి. ఫ్రిజ్ కొందామనుకున్న ఆలోచన అక్కడే మానుకున్నాను. చిన్న ఫ్రిజ్ అయినా నెలకి పదిహేను, ఇరవై యూనిట్లు తాగుతుంది. అక్కకి ఫ్రిజ్ ఉంది, అందులో కింది అర నాది. అందుకు నెలకి 80 రూపాయలు ఆమె కరెంటుకి ఇస్తాను. ఇడ్లీ పిండి, పెరుగు, పావుకిలో కూరలు, ఇంతకంటే నాకు ఫ్రిజ్‌తో పనేముంది? నీళ్లకి హీటర్ రాడ్డే, కాకపోతే చలికాలంలో మాత్రమే. బకెట్‌కి పావుగంట పెడితే చాలు, అర యూనిట్ కూడా కాదు. మునుపు రాడ్ పెట్టి ఫోన్ పట్టుకుని కూర్చుంటే నీళ్లు మరిగి పొగలు కక్కేవి, మళ్లీ చన్నీళ్లు కలుపుకునేదాన్ని. వేసవి మాత్రం నా చేతిలో లేదు. ఎండలకి స్లాబు రాత్రి పదింటికి కూడా పెనంలా ఉంటుంది. రెండో వేసవికి అంకుల్‌ని ఒప్పించి, అక్కా నేనూ ఒక ఆదివారం తెల్లారకుండానే డాబా అంతా సున్నం కొట్టాం. సున్నం డబ్బులు ఆయనవి, ఒళ్లు నొప్పులు మావి. ఎంత తగ్గిందో థర్మామీటర్‌తో కొలవలేదు కానీ కూలర్ రాత్రంతా కాకుండా రెండింటికి కట్టేయగలిగాను.

ఫోన్ సంగతి. పది నిమిషాల్లో సరుకులు తెచ్చే యాప్ ఒకటి ఉండేది. ఒక్కదానికి కావాల్సింది పెరుగు ప్యాకెట్. కానీ కార్ట్ 199 దాటితేనే డెలివరీ ఫ్రీ. డెలివరీకి ముప్పై ఇవ్వడం దండగని నూట డెబ్బై రూపాయల చిప్స్, బిస్కెట్లు కొనేదాన్ని. రాసుకుంటుంటే ఇప్పుడు నవ్వొస్తోంది. యాప్ తీసేశాను. రాత్రి తొమ్మిదింటికి పెరుగు లేకపోతే పెరుగు లేకుండానే తింటాను.

అన్నిటికంటే పనికొచ్చింది రెండో బ్యాంకు ఖాతా. జీతం పడే ఖాతాని ఫోన్‌లో యూపీఐ నుంచి పూర్తిగా తీసేశాను. అద్దె, ఇంటికి పంపేది, ఆర్‌డీ (నెలనెలా ఇంత అని కట్టే పొదుపు) దాన్నుంచి పోతాయి. సోమవారం పొద్దున 1,500 రెండో ఖాతాలోకి వేసుకుంటాను, స్కాన్ చేసేదంతా దాన్నుంచే. మొదటి వారం గురువారానికే 112 మిగిలింది. శుక్రవారం ఆఫీసు వాళ్లు బిర్యానీకి వెళ్దామంటే తలనొప్పని అబద్ధమాడాను. మూడో వారంలో అబద్ధం మానేసి, "ఈ వారం అయిపోయింది, సోమవారం వెళ్దాం" అన్నాను. ఒకమ్మాయి మెల్లగా పక్కకి వచ్చి ఇదెలా చేస్తున్నావని అడిగింది.

పొదుపు పిచ్చి ముదిరిన నెల కూడా ఒకటుంది. వారానికి 1,500 కాదు, 900కే సరిపెడతానని పంతం పట్టాను. మూడు వారాలు చారు, కందిపొడి, ఆవకాయ. కడుపులో మంట మొదలై, డాక్టరుకీ మందులకీ కలిపి 1,150 అయ్యింది. మిగిల్చినది 1,800, అందులో ఈ 1,150 పోయింది. "రోజూ రెండు గుడ్లు తినకపోతే నీతో కొత్తిమీర పంచుకోను" అని అక్క తిట్టింది. అప్పటి నుంచి గుడ్ల దగ్గర లెక్కలు చూడను.

బస్సు విషయం చెప్పకపోతే అన్యాయం. తెలంగాణలో ఆడవాళ్లకి 2023 డిసెంబరు 9 నుంచి ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో జీరో టికెట్. కానీ ఇక్కడి వాళ్లకే. నా ఆధార్ మీద బాపట్ల అడ్రస్. కండక్టరమ్మ కార్డు తిప్పి చూసి "ఆంధ్రా కదా" అని టికెట్ కొట్టేది. పక్క సీటులో అందరూ జీరో, నేనొక్కదాన్నే చిల్లర వెతుక్కోవడం. అడ్రస్ మార్పించడానికి ప్రూఫ్ కోసం బ్యాంకు చుట్టూ, ఆధార్ కేంద్రం చుట్టూ మూడు శనివారాలు తిరిగాను. కొత్త కార్డు వచ్చాక ఆఫీసుకి పోయి రావడానికి ఒక్క రూపాయి పెట్టలేదు. నెలకి వెయ్యి పైనే మిగులు.

2024 అక్టోబరులో పోస్టాఫీసులో ఆర్‌డీ మొదలుపెట్టాను. నెలకి 2,500, అయిదేళ్లు. నేను తెరిచినప్పుడు వడ్డీ 6.7 శాతం. ఆఫీసులో చీటీ వేయమని చాలా చెప్పారు, పాడుకుంటే మొత్తం ఒకేసారి చేతికొస్తుందని. నా చేతికొస్తే ఏమవుతుందో నాకు తెలుసు కాబట్టే వద్దన్నాను. ఆర్‌డీ అయితే మూడేళ్ల దాకా మూయనివ్వరు, ఆ తర్వాత మూసినా సేవింగ్స్ ఖాతా వడ్డీనే ఇస్తారు. నాలాంటిదానికి ఆ తాళమే కావాలి. నెల తప్పితే వందకి రూపాయి చొప్పున ఫైన్. ఒకసారి కట్టాను, 25 రూపాయలు. అవి ఇప్పటికీ గుర్తొస్తాయి.

మొన్న సంక్రాంతికి ఇంటికెళ్లాను. అమ్మతో చీరాల బస్సెక్కితే, అక్కడ కూడా 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి ఫ్రీ కదా, అమ్మ దర్జాగా ఆధార్ తీసి చూపించింది. నాది చూసి కండక్టర్ "మీది తెలంగాణ అండీ" అన్నాడు. టికెట్ కొన్నాను. అమ్మ దారంతా నవ్వుతూనే ఉంది.

తిరుగు ప్రయాణంలో స్టేషన్ దగ్గర సంచి అందించింది. ఎత్తగానే తెలిసిపోయింది. "అమ్మా, బియ్యం వద్దన్నానా?"

"పదే పెట్టానే" అంది.

ఎర్రగడ్డకి చేరేసరికి అక్క నైట్ డ్యూటీకి బయల్దేరుతోంది. కాలెండర్ మీద నా పేరు కింద రాశాను: బియ్యం, 5 కిలోలు.