అర సెకను కోసం యాభై ఊపులు

అమెరికాలో పీహెచ్‌డీ చేసే మాలాంటి వాళ్ళని నెల నెలా గట్టెక్కించేది టీచింగ్ అసిస్టెంట్ పని. ఎఫ్-1 వీసా మీద సెమిస్టర్ నడుస్తుండగా వారానికి 20 గంటలు మించకూడదు. అందులో ఎక్కువ భాగం ఫస్టియర్ ఫిజిక్స్ ల్యాబ్‌కే పోతుంది. ఇక్కడి పిల్లలకి మొహమాటాల్లేవు. "ఇదంతా ల్యాప్‌టాప్‌లో ఐదు నిమిషాల పని కదా, ఈ తీగలెందుకు?" అని నన్ను పేరు పెట్టి పిలిచి మరీ అడుగుతారు.

సర్క్యూట్ల వరకూ న్యాయం వాళ్ళదే. 2001లో నోబెల్ అందుకున్న కార్ల్ వీమన్ మరుసటేడు కొలరాడో విశ్వవిద్యాలయంలో ఫెట్ సిమ్యులేషన్లు (ప్రయోగాల్ని కంప్యూటర్ తెర మీదే చేసి చూసే ప్రోగ్రాములు) మొదలుపెట్టాడు. అక్కడివాళ్ళు 2005లో ప్రచురించిన అధ్యయనంలో, తెర మీద సర్క్యూట్లు కట్టినవాళ్ళు నిజం బల్బులతో చేసినవాళ్ళ కంటే విషయం బాగా చెప్పారు. పైగా అసలు సర్క్యూట్ కూడా వాళ్ళే బాగా కట్టారు. మరి తెర మీద ఎలక్ట్రాన్లు కదలడం కనిపిస్తుంది. బల్ల మీద కనిపించేది వదులైన క్లిప్పు, చచ్చిన బ్యాటరీ.

దీన్ని పట్టుకుని ల్యాబే ఎత్తేద్దామంటే మాత్రం నేనొప్పుకోను. లోలకాన్ని 10 డిగ్రీల నుంచి వదిలినా 20 నుంచి వదిలినా డోలన కాలం (ఒక ఊపు పూర్తవడానికి పట్టే సమయం) ఒకటేనన్న నమ్మకంతో వస్తారు. మీటరు లోలకానికి అది దాదాపు 2 సెకన్లు. రెండు కోణాలకీ తేడా సుమారు 0.01 సెకను. స్టాప్‌వాచ్ నొక్కే వేలి తడబాటే అంతకు పదింతలు కాబట్టి తేడా లేదని రాసేస్తారు. 50 ఊపులు లెక్కపెట్టమంటే విసుక్కుంటారు. పెట్టాక అర సెకను తేడా బయటపడుతుంది. ఇక గొడవే! గాలి అంటాడొకడు, దారం సాగిందంటుంది ఇంకో అమ్మాయి, "హ్యూమన్ ఎర్రర్" అని చేతులు దులుపుకుంటాడు మూడోవాడు (రిపోర్టుల్లో నాకు ఒళ్ళు మండించే మాట). డోలన కాలం ఫార్ములా చిన్న కోణాలకే పనిచేస్తుందన్న షరతు అప్పుడు గానీ కంటపడదు.

సిమ్యులేషన్ టైమర్ చిటికెలో ఇన్ని దశాంశాలు చేతిలో పెడుతుంది. కొలతని నమ్మాలా వద్దా అన్న మీమాంస పిల్లలకి మిగలదు.

పాఠాన్ని బలపరచడానికే పెట్టే మూస ల్యాబ్‌ల వల్ల పరీక్ష మార్కులేమీ పెరగడం లేదని వీమన్, ఫిజిక్స్ బోధన మీద పరిశోధన చేసే నటాషా హోమ్స్ 2018లో రాశారు. ల్యాబ్ దండగ అనేవాళ్ళు ఆ ముక్క వరకే చదువుతారు. వీమన్, హోమ్స్ మార్చమన్నది మూసని.

మా ల్యాబ్ కోఆర్డినేటర్‌ని నేనడిగింది ఇదే: సర్క్యూట్లకి ముందు ల్యాప్‌టాప్, తర్వాతే తీగలు. లోలకానికి వరసగా రెండు క్లాసులు, ఉత్త స్టాప్‌వాచ్‌లతో. ఫోటోగేట్లు (కాంతి కిరణం అడ్డుపడగానే టైము తామే నమోదు చేసే పరికరాలు) కూడా వద్దన్నాను, అవీ జవాబు ముందే చెప్పేస్తాయి.