మిగిలిపోయిన బోల్టు

అందరూ పడుకున్నారు. నాకే నిద్ర రావడం లేదు. కారణం చెబితే నవ్వుతారు. ఒక బోల్టు.

సాయంత్రం మేం ఊళ్ళు తిరుగుతున్న బండి, అదే పక్కలూ వంటా ఫ్రిజ్జూ అన్నీ లోపలే ఉండే క్యాంపర్ వ్యాను, ఊడుస్తుంటే డ్రైవర్ సీటు ముందు, మ్యాటు అంచు కింద దొరికింది. చూపుడువేలంత పొడుగుంది, తలకి 13 నంబరు పానా పడుతుంది. తుప్పు లేదు, మర అరగలేదు. అంటే మొన్నటిదాకా ఎక్కడో బిగించి ఉన్నదే. ఈయనకు చూపించాను. "ఏదో పాతదయ్యుంటుంది, ఏం కాదులే" అని అటు తిరిగి పడుకున్నారు.

ఈయన "ఏం కాదులే" సంగతి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఈ ప్రయాణంలో ఆ మాటకి తీరికే లేదు. పైకప్పు కిటికీ అంచున తేమగా ఉందండీ అన్నాను. ఏం కాదులే. ఆ రాత్రి వానకి చిన్నోడి పరుపు తడిసిపోయి, నలుగురం ఒక్క పక్క మీద సర్దుకున్నాం. నీళ్ళ పంపు అర్ధరాత్రి దానంతటదే గుర్రుమని తిరిగి ఆగిపోతోందండీ అన్నాను. ఏం కాదులే. గొట్టంలో ఒత్తిడి తగ్గితేనే ఆ పంపు ఆన్ అవుతుంది. ఎవరూ కుళాయి తిప్పకుండా ఒత్తిడి తగ్గిందంటే ఎక్కడో నీరు కారుతున్నట్టే కదా. సింకు కింద క్లిప్పు వదులైంది. అలమర అడుగు చెక్క ఉబ్బి తలుపు పట్టేశాక గానీ ఆయన వంగి చూడలేదు.

సరే, అవి ఇంట్లోనూ జరిగేవే. అసలు కథ బ్యాటరీది.

ఒక పొద్దున సెల్ఫ్ కొడితే ఇంజిన్ నీరసంగా మూలిగింది. ఇంకోసారి కొడితే అంటుకుంది. మర్నాడు మూలుగు కూడా రాలేదు, టక్ మని ఒక్క చప్పుడు, అంతే. ఈయన మొదటి మాట: "నువ్వు ఫ్రిజ్ ఆన్ చేసి వదిలేసి ఉంటావు."

ఇది రాయకుండా ఎలా పడుకుంటాను? మా ఫ్రిజ్ మూడు రకాలుగా నడుస్తుంది: గ్యాసు మీద, ఆగిన చోట కరెంటు ప్లగ్గు ఉంటే దాని మీద, బండి నడుస్తున్నప్పుడు 12 వోల్టుల మీద. ఇంజిన్ ఆగిన మరుక్షణం ఆ 12 వోల్టులు తెగిపోయేలా రిలే అని ఒక స్విచ్చు ఉంది. లేకపోతే కొన్ని గంటల్లోనే బ్యాటరీ ఖాళీ అవుతుంది. పైగా లోపలి లైట్లకి, పంపుకి వేరే బ్యాటరీ ఉంది, ఇంజిన్‌ది వేరు. ఇదంతా బండి కొన్నప్పుడు నాకు పాఠం చెప్పినట్టు చెప్పింది ఈయనే. ఆ రోజు మాత్రం ఒక్కటీ గుర్తు రాలేదు. నేను గుర్తు చేస్తే, "ఏమో, రిలే పాడైందేమో" అన్నారు. రిలే పాడైనా సరే, తప్పు ఫ్రిజ్‌దో నాదో అవ్వాలి!

ఎవరో కేబుళ్ళు తగిలించి స్టార్ట్ చేసిపెట్టారు. ఇంజిన్ ఆపకుండా దగ్గర్లోని షెడ్డుకి వెళ్ళాం. అక్కడి మనిషి బానెట్ కూడా ఎత్తలేదు. నేను "నిన్న నీరసంగా తిరిగింది, ఇవాళ..." అని మొదలుపెట్టేలోపే "బ్యాటరీ పోయిందమ్మా" అన్నాడు. మీటరు పెట్టలేదు, ఎప్పటినుంచి అని అడగలేదు. మా బండికి ఇంజిన్ బ్యాటరీ డ్రైవర్ కాళ్ళ దగ్గర, నేల పలక కింద ఉంటుంది. పలక ఊడదీశాడు, కొత్త బ్యాటరీ దించాడు, పలక మూశాడు, డబ్బు తీసుకున్నాడు. తాళం తిరగలేదని తలుపు మార్చినట్టు. కొత్తది కాబట్టి ఊపు మీద ఒకటి రెండుసార్లు అంటుకుంది. తర్వాత మళ్ళీ అదే మూలుగు.

వెనక్కి వెళితే ఈసారి "అయితే డైనమో పోయుంటుంది" అన్నాడు, ఇంజిన్ తిరిగేటప్పుడు బ్యాటరీకి చార్జి ఎక్కించేది అదే. మా బండికి సరిపడేది అక్కడ దొరకదట, తెప్పించాలట. ఎన్నాళ్ళు పడుతుందంటే ఆకాశం వైపు చూశాడు. షెడ్డు వెనక వాలుగా ఉన్న స్థలంలో బండి పెట్టుకోమన్నాడు. ఆ వాలులో ఫ్రిజ్ చల్లబడడం మానేసింది. ఈ రకం ఫ్రిజ్‌లో తిరిగే భాగమంటూ ఏదీ ఉండదు. మంట వేడికి లోపలి అమ్మోనియా ఆవిరై, చల్లారి ద్రవమై, గొట్టాల వెంట కిందికి జారుతూ పని చేస్తుంది. బండి ఒరిగి ఉంటే ఆ జారడం కుదరదు. చక్రాల కింద చెక్కలు పెట్టి సరిచేస్తే గానీ దారికి రాలేదు. ఆ చెక్కలు తెచ్చింది పెద్దదీ చిన్నోడూ. వాళ్ళకి మాత్రం ఇదంతా ఆటే.

పెద్దది నన్ను ఓదార్చడానికి బెర్తా బెంజ్ కథ చెప్పింది. 1888 ఆగస్టులో ఆవిడ భర్తకు చెప్పకుండా ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని, ఆయన తయారుచేసిన మూడు చక్రాల కారులో జర్మనీలోని మన్‌హైమ్ నుంచి ఫోర్ట్స్‌హైమ్‌కి బయల్దేరింది. నూరు కిలోమీటర్లకు పైనే. ఇంధనం గొట్టంలో ఏదో అడ్డుపడితే టోపీ పిన్నుతో పొడిచి తీసింది. వైరు ఒరుసుకుపోతుంటే కాలి మేజోడు పట్టీ చుట్టింది. బ్రేకు చెక్క అరిగిపోతే దారిలో చెప్పులు కుట్టేవాడి చేత తోలు వేయించింది. ఇంధనం అయిపోతే మందుల షాపులో కొన్నది. "చూశావా అమ్మా, లోకంలో మొదటి లాంగ్ ట్రిప్పే రిపేర్ల ట్రిప్పు" అంది. బావుందే గానీ, ఆవిడని ఎవరూ షెడ్డు వెనక కూర్చోబెట్టి ఆకాశం చూపించలేదు కదా అన్నాను.

ఆ కూర్చోవడంలోనే నాన్న తెగ గుర్తొచ్చారు.

నాన్న పాత కారు ఎండాకాలం ఎత్తు ఎక్కిందంటే పొగలు కక్కేది. ఒకసారి ఘాట్ మధ్యలో ఉష్ణోగ్రత ముల్లు ఎర్ర గీత దాకా పోయింది. నాన్న ఏం చేశారో తెలుసా? కిటికీలు దించేసి హీటర్ ఫుల్లుగా తిప్పారు. మండుటెండలో హీటర్! అమ్మకి మతి పోయింది. "మీకేమైనా అయిందా" అని అరిచింది. ఇంజిన్ చుట్టూ తిరిగే నీళ్ళే హీటర్‌లోకీ వస్తాయి, ఇటు ఎంత వేడి లాగితే దానికి అంత ఉపశమనం అని, చెమటలు కారుతూనే నాన్న వివరించారు. ముల్లు కొంచెం దిగింది. జాగా దొరకగానే పక్కకి ఆపి బానెట్ ఎత్తారు. ఇక ఏమీ చేయలేదు. ఊరికే నిలబడ్డారు. దారిన పోయే ఒకాయన ఆగి, మూత తీసి నీళ్ళు పోసేద్దాం అని రేడియేటర్ మీదకి చెయ్యి చాపితే, నాన్న ఆ చేతిని పట్టుకుని వెనక్కి లాగారు. నాన్న ఒకరి చెయ్యి పట్టి లాగడం నేనెప్పుడూ చూడలేదు. లోపల ఒత్తిడి మీద ఉన్న నీళ్ళు నూరు డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటాయి, మూత తీస్తే ఒక్కసారిగా మరిగి మొహం మీదకి చిమ్ముతాయి అని నెమ్మదిగా చెప్పారు. ఆయన నొచ్చుకుని వెళ్ళిపోయాడు. మేం చాలాసేపు అలాగే ఉన్నాం. తమ్ముడు ఏడ్చి నిద్రపోయాడు. అమ్మ నాన్నతో మాట్లాడడం మానేసింది. నాన్న నన్ను పిలిచి, "ఎక్కడ మొదలైంది చెప్పు? ఎక్కేటప్పుడా, గేరు మార్చాకా? వాసన ముందొచ్చిందా, ముల్లు ముందు కదిలిందా?" అని అడుగుతూ చిన్న పుస్తకంలో రాసుకున్నారు. చిన్నపిల్లని సాక్షిగా తీసుకుని రాసుకోవడం! నాకు అప్పుడు ఎంత గొప్పగా అనిపించిందో. వాసనే ముందొచ్చింది, నాకిప్పటికీ గుర్తుంది.

అందుకే బానెట్ ఎత్తకుండా "బ్యాటరీ పోయింది" అంటే నాకు అంత ఒళ్ళు మండింది.

డైనమో రాలేదు. ఇవాళ పొద్దున పక్క వీధిలో బండ్ల కరెంటు పని చేసే పెద్దాయన ఒకరున్నారని ఎవరో చెబితే పిలిపించాం. ఆయన ముందు నన్నే అడిగారు: "చల్లగా ఉన్నప్పుడు మొరాయిస్తుందా అమ్మా, వేడెక్కాకా?" సగం కోపం అక్కడే పోయింది. బండి స్టార్ట్ చేయించి డైనమో దగ్గరే మీటరు పెట్టారు. 14.3 వోల్టులు. బ్యాటరీ దగ్గర పెట్టారు. 13 దగ్గర కొట్టుకుంటోంది. అంటే డైనమో శుభ్రంగా పని చేస్తోంది, అది ఇచ్చేది బ్యాటరీకి చేరడం లేదు. తర్వాత మీటరు ఒక ముల్లు ఇంజిన్ ఒంటికి, రెండోది బ్యాటరీ మైనస్‌కి ఆనించి నన్ను చూడమన్నారు. దాదాపు సున్నా ఉండాల్సిన చోట వోల్టు పైనే ఉంది. ఇంజిన్‌నీ ఛాసీనీ, అంటే బండి చట్రాన్నీ, కలిపే ఎర్త్ పట్టీ ఒకటుంది, జడలా అల్లిన రాగి పట్టీ. ఇంజిన్‌కీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య కరెంటుకి దారి అదే. బండి కిందికి దూరి దాన్ని విప్పితే బోల్టు కింద పచ్చగా చిలుం పట్టి ఉంది. గీకి, ఇసక కాగితంతో రుద్ది, గ్రీజు రాసి బిగించారు. బ్యాటరీ దగ్గర 14.2. సెల్ఫ్ కొడితే ఇంజిన్ దడదడలాడుతూ లేచింది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

ఆయన వెళ్ళాక ఈయన అన్నమాట: "ఒక్క పార్టూ మార్చలేదు, అరగంట పనికి అంత అడుగుతాడా?"

ఇది విన్నాకే, మొదటి షెడ్డు మనిషి గురించి రాయాలనుకున్న తిట్లన్నీ గొంతులో ఆగిపోయాయి. కొత్త బ్యాటరీకి దీనికి ఎన్నో రెట్లు పోసి, నోరు మెదపకుండా వచ్చారు ఈయన. ఎందుకంటే అక్కడ చేతికి ఒక వస్తువు కనిపించింది. కనిపెట్టడానికి మాత్రం ఎవరూ డబ్బివ్వరు. ఇచ్చినా సణుగుతూ ఇస్తారు. గంట కూర్చుని వెతికితే ఆ గంట ఎవరి ఖాతాలో వేసుకోవాలి? బయట ఇంకో నాలుగు బళ్ళు ఎదురుచూస్తుంటే, అన్నిటికన్నా ఎక్కువసార్లు పాడయ్యేది బ్యాటరీయే కాబట్టి అదే మార్చేస్తాడు. చాలాసార్లు అది సరిపోతుంది కూడా. అతన్ని అలా తయారుచేసింది మా ఇంటాయన లాంటివాళ్ళే. పాపం అనిపించింది, నిజంగానే.

ఒక్క నిమిషం. బ్యాటరీ అనగానే ఏదో తట్టింది. చూసి వస్తాను.

ఆ పాపం అన్నమాట వెనక్కి తీసుకుంటున్నాను. టార్చి పట్టుకుని నేల పలక ఎత్తాను. బ్యాటరీ కదలకుండా అడుగున పట్టి ఉంచే క్లాంపుకి బోల్టు లేదు. రంధ్రం ఖాళీ. నాకు దొరికిన బోల్టు పెడితే మర ఎక్కేసింది, చక్కగా, అతికినట్టు. బ్యాటరీ దించిన మనిషి దాన్ని బిగించకుండానే పలక మూసేశాడు. ఇరవై కిలోల దాకా బరువుండే వస్తువు, లోపల ఆసిడ్, ప్రతి గుంతకీ ఎగురుతూ వచ్చింది. కాస్త ఒరిగి ప్లస్ మొన ఇనుముకి తగిలితే ఏమయ్యేదో ఆలోచించడం కూడా ఇష్టం లేదు. పైన పిల్లలు పడుకుంటారు. రోగం కనిపెట్టలేదంటే ఒప్పుకుంటాను, టైముకి విలువ లేదంటే అదీ ఒప్పుకుంటాను. విప్పిన బోల్టు తిరిగి పెట్టడానికి ఏ రోగనిర్ధారణ కావాలి? పానా అతని చేతిలోనే ఉంది.

పలక చప్పుడుకి ఈయన లేచి "ఏమైంది" అన్నారు. చెప్పాను. లేచి వచ్చి, మాట్లాడకుండా పానా తీసుకుని గట్టిగా ఇంకో పావు చుట్టు బిగించి, వెళ్ళి పడుకున్నారు. "ఏం కాదులే" అనలేదు. అంతవరకు నయం.

రేపు దగ్గర దారి అంటే ఘాట్ దిగడమే. ఈయన మనసు దాని మీదే ఉంది, పోయిన రోజులు కలిసొస్తాయట. నాకు ఆ దారి ఇష్టం లేదు. సామానూ నీళ్ళూ కలిపి మూడు టన్నుల బండి. బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చారో పాత ఓనరు ఇచ్చిన పుస్తకంలో ఎక్కడా లేదు. ఏళ్ళు గడిచేకొద్దీ అది తేమ పీల్చుకుంటుంది, అలాంటిది పొడుగాటి దిగుడులో వేడెక్కి మరిగిందంటే పెడల్ ఊరికే లోపలికి పోతుంది. తక్కువ గేరులో దిగితే చాలంటారు ఈయన. నిజమే, చాలు, పెడల్ మీద నమ్మకం ఉంటే. ఊళ్ళోనే ఆ పెద్దాయన్ని అడిగితే బ్రేక్ ఆయిల్ మార్చే మనిషిని చూపించకపోరు, సగం రోజు పని. ఈయన ఒప్పుకోకపోతే చుట్టు దారే. పొద్దున స్టీరింగ్ వంతు ఎలాగూ నాది, మ్యాపులో ఇప్పుడే పెట్టేశాను.