రోజూ పొద్దుగాల ఏడు గంటలకు అమ్మమ్మ క్లాసు

మీ పిల్లలకు తెలుగు ఇంత మంచిగ ఎట్ల వచ్చిందని ఇక్కడ డల్లాస్‌ల కలిసినోళ్ళందరూ అడుగుతరు, వీకెండ్ క్లాసులా, యాప్‌లా అని. అవేం కాదు, మా అమ్మ. అదిగూడ ఆమె తెలుగు నేర్పియ్యలే, లెక్కలు నేర్పింది.

అమ్మ 1937ల పరకాల దగ్గరి ఒక పల్లెల పుట్టింది, ఎనభై ఏడేళ్ళు బతికింది, అందుల సగం కాలం బడిలనే గడిచింది. నిజాం రాజ్యంల చదువంటే ఉర్దూ మీడియం, ఆడపిల్లలను బడికి పంపుడే తక్కువ, మా తాత మొండోడు గనుక పంపిండు. 1948ల పోలీస్ యాక్షన్ అయినంక ఆమె చదువు తెలుగులకు మారింది, గని లెక్కలు మాత్రం చివరి దాకా ఉర్దూలనే చేసుకునేది. సవా (ఒకటింపావు), డేఢ్ (ఒకటిన్నర), ఢాయి (రెండున్నర) అని పావుల ఎక్కాలు, అర్ధాల ఎక్కాలు అన్నీ నోటికే. మా వాడు 1.25ను ఏడుతోని గుణించుటానికి కాగితం దేవులాడుకునేలోపు ఈమె లోపల ఏదో గొణుక్కొని తొమ్మిదికి పావు తక్కువ అని చెప్పేసేది. వాడు మొదలు నమ్మలే, కాలిక్యులేటర్ పెట్టి చూసిండు, ఇగ అప్పటినుంచి ఆమెకు ఫ్యాన్.

క్లాసు టైము ఆమె టైమే. హన్మకొండల పొద్దుగాల ఏడు గంటలకు స్నానం చేసి, జడేసుకొని, ఉతికిన చీర కట్టుకొని ఫోన్ ముంగట కూసునేది, వీడియో కాల్ అని నైటీల కనపడేది కాదు. అది మాకు ఎండాకాలం రాత్రి ఎనిమిదిన్నర, చలికాలం ఏడున్నర, నవంబర్‌ల గడియారాలు ఒక గంట ఎనుకకు పెట్టుకుంటం గదా. "పొద్దుకు కూడ ఆర్డరేస్తర్రా మీ దేశపోళ్ళు" అని నవ్వేది. పిల్లలు లేటయితే నాతోని మాట్లాడకపోయేది, నేరుగ వాళ్ళనే ఎందుకు లేటయిందని అడిగేది, వాళ్ళు తెలుగుల జవాబు చెప్పాలె, నేను మధ్యల అందిస్తే "నువ్వు జర ఊకో, నీ పరీక్ష కాదు" అనేది. పాపం మా ఆయన అన్నం పళ్ళెం పట్టుకొని వేరే రూంలకు పోయేటోడు.

ఆమె కొలువు చేసిన ఊర్లల్ల ఒక బడికి ఆమె ఒక్కతే టీచరు, అయిదు క్లాసులు ఒకటే రూంల. అప్పట్ల కేర్ అని అమెరికా సంస్థ బడి పిల్లల మధ్యాహ్నం తిండికి మొక్కజొన్న, సోయా కలిపిన పిండి, నూనె డబ్బాలు పంపేది, ఆయమ్మ రాకుంటే ఆ ఉప్మా అమ్మనే కట్టెల పొయ్యి మీద వండేదట. తిండి కోసమే బడికొచ్చే పోరగాళ్ళు చానమంది ఉండిరట, వచ్చినోళ్ళను ఎట్లయిన కూసోబెట్టి ఎక్కాలు చెప్పించుడే ఆమె పని. మా పిల్లలకు ఈ కథ చెప్పి "మీ అమెరికా పిండి మా బడి పోరలు తిన్నరు, ఇప్పుడు నేను అమెరికా పోరలకు ఎక్కాలు చెప్తున్న, లెక్క సరి" అన్నది.

మేమేమో ఇక్కడ సంస్కృతి అని మస్తు హైరానా పడ్తం, ఆమెకు ఆ బెంగనే లేకుండె. ఒకసారి బతుకమ్మకు తంగేడు దొరకదు, గునుగు దొరకదు, ప్లాస్టిక్ పువ్వులు కొంటున్నమని బాధపడితే, మీకాడ రోడ్ల పొంటి ఏం పూస్తలేదా అని అడిగింది. సెప్టెంబర్ల ఇక్కడ గోల్డెన్‌రాడ్ అని పసుపుపచ్చగ పూస్తది, అదే చెప్పిన. "మరి అది పేర్వుర్రి, బతుకమ్మ వచ్చి వీసా అడుగుతదా" అన్నది. అప్పటినుంచి అదే పేరుస్తున్నం.

మా బిడ్డకు స్కూల్‌ల ప్రాజెక్ట్ ఇచ్చిన్రు, ఇంట్ల పెద్దోళ్ళను వాళ్ళు చూసిన చరిత్ర గురించి అడగాలె. అప్పుడు అమ్మ 1947 సెప్టెంబర్ 2 సంగతి చెప్పింది. పరకాలల జాతీయ జెండా ఎగరెయ్యాలని చుట్టుపక్కల ఊర్ల జనం పోతే నిజాం పోలీసులు కాల్పులు జరిపి చంపిన్రు గదా, ఇప్పుడు అక్కడ అమరధామం కట్టిన్రు. వాళ్ళ ఊరి నుంచి గూడ పోయిన్రట, కొంతమంది నెత్తురు బట్టలతోని తిరిగొచ్చిన్రట, అప్పటికి ఆమెకు పదేండ్లు. మాకెన్నడు ఇంత వివరంగ చెప్పలే, పిల్ల ప్రశ్నల కాగితం పట్టుకొని కూసున్నందుకు చెప్పిందేమో. పిల్ల అంతా ఇంగ్లీష్‌ల రాసుకొని తెలుగుల చదివి వినిపించింది, అందుల మా అమ్మమ్మ చాలా ధైర్యంగా ఉంది అని ఒక లైను. అమ్మ ఆపింది. "అది కొట్టెయ్ బిడ్డా. నేను వడ్ల గుమ్మి ఎనుక దాక్కున్న, లాగుల ఒంటికి పోసుకున్న. అదే రాయి." పిల్ల అట్లనే రాసింది.

పెద్దకర్మకు పోయినప్పుడు ఇల్లు పట్టనంత మంది వచ్చిన్రు, సగం మంది తెల్లజుట్టు స్టూడెంట్లే. ఆర్టీసీ కండక్టర్ చేసి రిటైరైన ఒకాయన మా వాణ్ణి పక్కకు కూసోబెట్టుకొని పంతొమ్మిదో ఎక్కం వస్తదా అన్నడు, టికెట్ల లెక్క ఏనాడు తప్పకపోవుడు పంతులమ్మ చలువేనట. వీడు పంతొమ్మిది ఏడ్ల నూట ముప్పై మూడు దాకా ఆగకుండ చెప్పిండు, అమెరికా యాసల. ఆయన వీపు మీద ఒక్కటి సరిచి, మీ అమ్మమ్మ మమ్ముల కొట్టింది, మిమ్ముల కొట్టలే అని తెగ కుళ్ళుకున్నడు.

ఇప్పుడు మా తమ్ముడు సంవత్సరీకం నాటికి ఆమె మీద చిన్న పుస్తకం వేస్తున్నడు, పరకాల సంగతి పిల్ల రాసిందే తెలుగు చేసి పెడ్తన్నడు గని ఆ లాగు ముచ్చట తీసేస్తడట, పెద్ద మనిషి, టీచరు, గౌరవంగ ఉండదంటడు. అమ్మమ్మనే రాయమన్నది, తీసేస్తే నా పేరు పెట్టొద్దు మామా అని ఈ పిల్ల. వారం నుంచి వాట్సాప్‌ల ఇద్దరికిద్దరు తగ్గుతలేరు, నన్ను తీర్పు చెప్పమంటున్నరు. నేను పిల్ల దిక్కే ఉన్న, గని ప్రింటింగ్ పైసలు తమ్మునియి.