పలాస జీడిపిక్కల బస్తా ముందు పెట్టుకుని చదవండి

పీజీలో ఇంటర్నేషనల్ ట్రేడ్ అండ్ ఫైనాన్స్ తీసుకుందామనుకుంటున్నాం, మన శ్రీకాకుళంలో ఉండి అది చదివితే ఏం లాభం అక్కా, అదంతా ముంబై వాళ్లకి కదా అని కాశీబుగ్గ పిల్లలు అడుగుతున్నారు. నేనైతే ఈ సబ్జెక్టుకి మన జిల్లాని మించిన చోటు లేదంటాను.

మొదటి సెమిస్టర్‌లోనే ఆర్థికవేత్త రికార్డో వస్తాడు. 1817లో ఆయన వేసిన లెక్క ఇది: ఏడాదికి కావలసిన బట్ట నేయడానికి ఇంగ్లండ్‌లో 100 మంది, వైన్‌కి 120 మంది కావాలి; పోర్చుగల్‌లో బట్టకి 90, వైన్‌కి 80 చాలు. రెండూ పోర్చుగల్‌కే చవక, అయినా అది వైన్ చేసి బట్ట కొనుక్కుంటేనే ఇద్దరికీ లాభం. లెక్క అందరికీ వస్తుంది, పరీక్షలో మార్కులూ వస్తాయి. కానీ దేశానికి లాభం అన్నప్పుడు ఆ దేశంలో ఎవరికి అన్న ప్రశ్న ఉంటుంది చూడండి, అది మా ఇంట్లోనే తేలక ఏళ్లు గడిచాయి.

మావయ్యకి ఉద్దానంలో జీడితోట. పిన్ని పలాసలో జీడి ఫ్యాక్టరీకి పప్పు పొట్టు తీసే పనికి వెళ్తుంది. 2018 బడ్జెట్‌లో ముడి పిక్కల (పప్పు తీయని జీడిగింజల) మీద దిగుమతి సుంకం 5 శాతం నుంచి 2.5కి తగ్గించారు, ఆ ఏడే అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చి ఉద్దానంలో జీడిచెట్లు వేళ్లతో సహా పడిపోయాయి. ఆఫ్రికా పిక్కలు దిగితే మన బస్తా మొహం ఎవడు చూస్తాడేటి అని మావయ్య బాధ. అవి రాకపోతే సీజన్ అయ్యాక మాకు పనేదీ అని పిన్ని. ఇద్దరి మాటా నిజమే. వ్యాపారం వల్ల దేశం మొత్తమ్మీద బాగుపడినా లోపల కొందరి ఆదాయం తగ్గుతుందని స్టాల్పర్, శామ్యూల్సన్ అనే ఆర్థికవేత్తలు 1941లోనే రాశారు. ఆ చాప్టర్‌ని మా క్లాసులో ఒక్క గంటలో దాటేశారు, నాకు ఇప్పటికీ కోపమే. దిగుమతి ఆపేయాలని నేను అనను. కానీ సుంకం తగ్గించినప్పుడు రైతు ధర గురించి కూడా అదే రోజు మాట్లాడాలి.

ఇక లెటర్ ఆఫ్ క్రెడిట్. ఎల్‌సీ అంటే డబ్బు కడతామని అమ్మేవాడికి కొనేవాడి బ్యాంకు ఇచ్చే హామీ. దీనికి ప్రపంచమంతా పాటించే నియమాలు యూసీపీ 600, 2007 జులై నుంచి అమల్లో ఉన్నాయి, మొత్తం 39 ఆర్టికల్స్. అందులో అయిదోది బట్టీ పట్టినా తప్పులేదు: బ్యాంకు చూసేది కాగితాల్నే, సరుకుని కాదు. జీడి వ్యాపారంలో 80 కిలోల పిక్కల బస్తాకి ఎన్ని పౌన్ల పప్పు దిగుతుందన్నదే నాణ్యత కొలత, అవుట్‌టర్న్ అంటారు. 48 పౌన్లని మాట్లాడుకుంటే 44 దిగింది అనుకోండి, బస్తాకి 1.8 కిలోల పప్పు పోయినట్టే, వెయ్యి బస్తాలకి 1,800 కిలోలు. కాగితాలు సరిగ్గా ఉంటే బ్యాంకు మాత్రం డబ్బు కట్టేస్తుంది. అందుకే తెలిసిన వ్యాపారి ఎల్‌సీ తెరిచేటప్పుడే, అవుట్‌టర్న్ ఫలానా అంకెకి తగ్గలేదని ఇన్‌స్పెక్షన్ సర్టిఫికెట్ ఉండాలని షరతు రాయిస్తాడు. ఆ ఒక్క లైన్‌లో ఎంత డబ్బుందో నాకు అర్థమైంది పలాసలో, క్లాసులో కాదు.

ఫారెక్స్, అంటే విదేశీ కరెన్సీ లెక్కలు, చాలామందికి టెన్షన్, నిజానికి అక్కర్లేదు. లక్ష డాలర్ల పిక్కలు కొని మూడు నెలల తర్వాత కట్టాలి, ఈలోగా డాలర్ రెండు రూపాయలు పెరిగితే రెండు లక్షలు అదనం. పప్పు అమ్మేదేమో చాలావరకు మన దేశంలోనే, రూపాయల్లో, కాబట్టి ఆ దెబ్బ పూర్తిగా మీదే. ఆ దెబ్బ తగలకుండా ఈరోజే రేటు ఖాయం చేసుకోవడం ఫార్వర్డ్ కాంట్రాక్ట్. అదే డాలర్ పెరిగితే టెక్కలి నుంచి నీలి గ్రానైట్ ఎగుమతి చేసేవాడి చేతికి ఎక్కువ రూపాయలొస్తాయి. రెండూ ఒకే జిల్లాలో, ఒకే హైవే మీద.

ఇంకో సంగతి కూడా గమనించండి, ఐవరీ కోస్ట్ లాంటి దేశాలు పిక్కల్ని అలాగే అమ్మకుండా పప్పు తీసే ఫ్యాక్టరీలు అక్కడే పెంచుకుంటున్నాయి. వాళ్లకి అది న్యాయమే. మరి పిన్ని పని సంగతేంటి? ప్రాజెక్టుకి టాపిక్ దొరకలేదని నెట్‌లోంచి ఎఫ్‌డీఐ (విదేశీ ప్రత్యక్ష పెట్టుబడులు) మీద నలభై పేజీలు దించే బదులు ఇది తీసుకోండి. ఉద్దానంలో పిక్కలు మార్చి నుంచి రాలతాయి కాబట్టి సంక్రాంతి సెలవుల్లోనే ఫ్యాక్టరీల వాళ్లతో మాట్లాడి పెట్టుకోండి, సీజన్ మొదలయ్యాక వాళ్లకి మాట్లాడే తీరిక ఉండదు.