రోళ్లు చెమటలు కక్కే ఊళ్లో పరుగు

2025 ఏప్రిల్‌లో నన్ను హైదరాబాద్ నుంచి విశాఖపట్నం బదిలీ చేశారు. బ్యాంకు ఉద్యోగం, బదిలీలు కొత్త కాదు. కబురు వినగానే మా బ్రాంచిలో అందరిదీ ఒకటే పాట: "అదృష్టవంతురాలివి, సముద్రం ఊరు, మనలాగా నలభై మూడు డిగ్రీల్లో మాడక్కర్లేదు. ఇంక నీ పరుగుకి అడ్డేముంది!" నేనూ నమ్మాను. హైదరాబాద్‌లో ఆరేళ్లుగా కేబీఆర్ పార్కు చుట్టూ పరిగెత్తినదాన్ని. 2024 ఆగస్టులో హైదరాబాద్ మారథాన్‌లో హాఫ్, అంటే 21 కిలోమీటర్లు, 2 గంటల 14 నిమిషాల్లో పూర్తి చేశాను. ఆ ఫ్లైఓవర్లు ఎక్కి దిగుతూ "అబ్బ, ఎంత ఉక్కగా ఉందో" అని విసుక్కున్నాను కూడా. ఉక్క అంటే ఏమిటో అప్పటికి నాకు తెలియదని ఇప్పుడు తెలుస్తోంది.

ఇల్లు వెతుక్కోవడం, పాపకి స్కూలు, గ్యాస్ కనెక్షన్... ఈ గొడవల్లో బూట్ల పెట్టె తెరవకుండానే ఏడు వారాలు గడిచిపోయాయి. జూన్ 1, ఆదివారం. రోహిణి కార్తె నడుస్తోంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు కదా, అది తెలంగాణ మాట అయ్యుండాలి. వైజాగ్‌లో రోళ్లు పగలవు, చెమటలు కక్కుతాయి.

ఉదయం ఆరున్నరకి కాళీమాత గుడి దగ్గర మొదలుపెట్టాను. పొద్దుటిపూట బీచ్ రోడ్డు మీద బండ్లు ఆపేస్తారు, రోడ్డంతా నడిచేవాళ్లదే. అంత మంచి రోడ్డు చూసేసరికి ఒళ్లు తెలియలేదు. కిలోమీటరుకి 6 నిమిషాల 20 సెకన్లు, అదే నా పాత లెక్క. లాసన్స్ బే దాకా వెళ్లి తిరిగి రావాలన్నది ప్లాను. ఒడ్డున మ్యూజియంగా పెట్టిన కురుసుర జలాంతర్గామి దాటేసరికి టీ-షర్టు ఒంటికి అతుక్కుపోయింది. వుడా పార్కు దగ్గరికొచ్చేసరికి గుండె 178 కొడుతోందని గడియారం చూపించింది. అప్పుడు జరిగింది వింత: చెమటతో తడిసి ముద్దై ఉన్న చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి, చలి పెట్టినట్టు. చెవుల్లో హోరు. అది సముద్రమో, నా తలకాయో తెలియలేదు. పిట్టగోడ మీద కూలబడ్డాను.

పక్కనే చేపల తట్టతో ఆటో కోసం చూస్తున్న ఒక ముసలమ్మ, నా సీసా లాక్కుని నీళ్లన్నీ నా మెడ మీద, చేతుల మీద గుమ్మరించింది. ఆ తర్వాత అడిగింది:

"ఏటమ్మా, రోయిణిలో ఈ పరుగులేటి? ఎవులు తరిమినారు నిన్ను?"

నవ్వడానికి కూడా ఓపిక లేదు. ఆవిడ ఆటో వచ్చినా ఎక్కలేదు, నా మొహంలోకి రంగొచ్చాకే వెళ్లింది.

మర్నాడు డాక్టర్ దగ్గరికి వెళ్లాను. బీపీ బాగానే ఉంది. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 10.4. ఆడవాళ్లకి 12 ఉండాలి. హైదరాబాద్‌లో ఇది ఎప్పటి నుంచి ఉందో, నేనెప్పుడూ చూపించుకోలేదు. ఐరన్ మాత్రలు రాశారు. మిగతా సంగతి ఆయన మాటల్లోనే: "సామాను లారీలో ఒక్క రోజులో వచ్చేసింది కదా, మీ ఒళ్లు ఇంకా దారిలోనే ఉంది. రెండు వారాలు పడుతుంది. ఈలోపు పందెం పెట్టకండి." ఇంకో హెచ్చరిక కూడా చేశారు. తల తిరగడం, వికారం వస్తే ఆగి నీడకి చేరాలి, అది అలసట. మాట తడబడినా, మనిషి అయోమయంగా మాట్లాడినా అది వడదెబ్బ. ఒంట్లో వేడి 40 దాటిపోయి ఉండొచ్చు. చెమట పడుతోంది కదా, వడదెబ్బ కాదులే అనుకోకూడదు, పరిగెత్తేవాళ్లకి చెమట ఉండగానే వడదెబ్బ తగులుతుంది. ఆసుపత్రికి తీసుకెళ్లేలోపే చల్లటి నీళ్లతో ఒళ్లంతా తడపాలి. ఆ ముసలమ్మకి ఈ పాఠం ఎవరు చెప్పారో!

హైదరాబాద్ కంటే ఇక్కడ ఎండ తక్కువే, మరి నాకేమైంది? దీనికి జవాబు ఫ్రిజ్ నీళ్ల స్టీలు గ్లాసులో దొరికింది. బల్ల మీద పెట్టగానే గ్లాసు బయటివైపు నీళ్లు పడతాయి కదా. గ్లాసు ఏ వేడి దగ్గర అలా తడవడం మొదలవుతుందో అదే డ్యూ పాయింట్, గాలిలో ఎంత తేమ ఉందో చెప్పే అసలు లెక్క. ఏప్రిల్‌లో హైదరాబాద్‌లో నా ఫోను 17 దగ్గర చూపించేది. ఇక్కడ జూన్‌లో 26, ఒక్కోరోజు 27. మన చర్మం దాదాపు 34 డిగ్రీలుంటుంది. డ్యూ పాయింట్ దానికి ఎంత దగ్గరైతే చెమట అంత నెమ్మదిగా ఆరుతుంది. ఒంటిని చల్లబరిచేది చెమట పట్టడం కాదు, ఆరడం. ఆరకుండా కారిపోయిన చెమట దండగ ఖర్చే. ఒళ్లు చల్లబడక, గుండె ఇంకా ఎక్కువ రక్తాన్ని చర్మం వైపు తోస్తుంది, కాళ్లకి వెళ్లాల్సిన వాటాలోంచే. అందుకే అదే వేగానికి గుండె 20, 25 ఎక్కువ కొట్టుకుంటోంది.

మా పక్క వాటాలో అంకుల్ స్టీల్ ప్లాంటులో రిటైరయ్యారు. ఈ కథంతా విని, "కొలిమి దగ్గరికి కొత్తగా వచ్చిన కుర్రాణ్ని మొదటి రోజే పూర్తి షిఫ్టు నిలబెట్టేవాళ్లం కాదమ్మా, కొంచెం కొంచెంగా అలవాటు చేసేవాళ్లం. నువ్వు నీకే మేస్త్రీవి కదా, ఆ మాత్రం దయ చూపించుకోలేవా?" అన్నారు. ఆయన మాట డాక్టరు మాటకంటే బాగా ఎక్కింది.

జూన్ రెండో వారం నుంచి రోజూ పొద్దున్న ఐదింటికి లేచేదాన్ని. ఇక్కడ జూన్‌లో సూర్యుడు ఐదుంబావు దాటగానే సముద్రంలోంచి నేరుగా మొహం మీదికి వస్తాడు. పొద్దున్నే చల్లగాలి ఉంటుందనుకోవడం కూడా నా హైదరాబాద్ అమాయకత్వమే. సముద్రం మీది గాలి నేల వేడెక్కాక, తొమ్మిదీ పదింటికి గానీ మొదలవదు. తెల్లవారుజామున గాలి ఉంటే గింటే నేల మీంచి సముద్రం వైపు, అదీ అంతంతమాత్రం. ఫోనులో తేమ శాతం కూడా తెల్లారగట్టే అన్నిటికంటే ఎక్కువ చూపిస్తుంది. అది చూసి సాయంత్రానికి మార్చుకోకండి. డ్యూ పాయింట్ రోజంతా ఇంచుమించు ఒకటే, పొద్దున్న కలిసొచ్చేది ఎండ ఇంకా ముదరకపోవడం.

రెండు నిమిషాలు పరుగు, మూడు నిమిషాలు నడక. అరగంట. గుండె 145 దాటితే నడకే. గడియారంలో వేగం కనబడకుండా తీసేసి, గుండె లెక్క ఒక్కటే ఉంచాను. ఇంటికొచ్చాక మాత్రం ఆగలేక చూసుకునేదాన్ని: కిలోమీటరుకి 8 నిమిషాల 40 సెకన్లు. చీర కట్టుకుని, చేతిలో పూలసజ్జతో గుడికి వెళ్తున్న ఒకావిడ నన్ను దాటి వెళ్లిపోయిన రోజు కూడా ఉంది. ఆ రోజు నిజంగా ఏడుపొచ్చింది. మా ఆయన వారాంతానికి వచ్చినప్పుడు "మానేసి స్విమ్మింగ్‌లో చేరకూడదూ" అంటే ఆయన మీద విరుచుకుపడ్డాను.

పదో రోజో, పదకొండో రోజో తేడా తెలిసింది. పరుగు మొదలెట్టిన నాలుగు నిమిషాలకే చెమట పట్టింది, ఇంతకుముందు పది నిమిషాలకి గానీ పట్టేది కాదు. పెదవుల దగ్గర ఉప్పదనం కాస్త తగ్గింది. ఇవి రెండూ ఒళ్లు దారికి వస్తోందనడానికి గుర్తులే. రక్తంలో నీటి వాటా పెరుగుతుంది, చెమట తొందరగా, పలచగా పడుతుంది. మూడో వారంలో అదే 145 గుండెకి 7 నిమిషాల 50 సెకన్లు వచ్చింది. వచ్చింది కదా అని వారం మానేస్తే మాత్రం మళ్లీ జారిపోతుంది. పెళ్లికని నిజామాబాద్ వెళ్లి తొమ్మిది రోజులు ఉండిపోయినప్పుడు అది అనుభవమైంది.

నీళ్ల లెక్క కూడా ఇక్కడే నేర్చుకున్నాను. పరుగుకి ముందు బరువు 61.4 కిలోలు. 55 నిమిషాల తర్వాత, తడిసిన బట్టలన్నీ తీసేసి (వాటితో చూసుకుంటే లెక్క తప్పుతుంది, బట్టలు పిండితే చెంబెడు నీళ్లు), ఒళ్లు తుడుచుకుని చూస్తే 60.5. మధ్యలో తాగింది పావు లీటరు. అంటే చెమటగా పోయింది లీటరు మీద నూట యాభై మిల్లీలీటర్లు. దాంతోపాటు అర టీస్పూను దాకా ఉప్పు. పోయిందంతా వట్టి నీళ్లతో నింపేద్దామని గటగటా తాగితే రక్తంలో సోడియం పలచబడి ఇంకో ప్రమాదం.

అందరూ కొబ్బరిబోండాం అంటారు. బీచ్ రోడ్డులో అడుగడుగునా దొరుకుతుంది, రుచికి తాగుతాను. కానీ దాన్లో పొటాషియమే దండిగా ఉంటుంది, సోడియం తక్కువ. చెమటలో పోయేది ముఖ్యంగా సోడియం. నాకు పడింది ఉప్పేసిన పలచటి మజ్జిగ, లేదంటే మా పనమ్మాయి నేర్పిన చోడి అంబలి. ఇక్కడ రాగుల్ని చోళ్లంటారు. మరీ నీరసించిన రోజున ఓఆర్‌ఎస్ పొట్లం, 20.5 గ్రాములది, లీటరు నీళ్లలో. మొదట్లో నేను అట్టపెట్టె మీద ఓఆర్‌ఎస్ అన్న అక్షరాలు చూసి తియ్యటి డ్రింకులు కొని మోసపోయాను. తాగిన కొద్దీ దాహం. ఆ అక్టోబరులోనే ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అలాంటి డ్రింకుల పేర్లలో ఆ మాట వాడకూడదని ఆదేశించింది. దాని వెనక హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారి ఏళ్ల తరబడి పోరాటం ఉంది. ఆ వార్త చదివిన రోజు ఆవిడకి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

ఇక ఎవరూ చెప్పని బాధలు. చెమట కాళ్ల మీంచి జారి బూట్లలో చేరుతుంది. ఐదో కిలోమీటరుకి అడుగు వేస్తే పచ్ పచ్‌మని చప్పుడు. ఆ బూట్లు బాల్కనీలో రెండు రోజులున్నా ఆరవు, పైగా పుట్టగొడుగుల వాసన. లోపల పాత పేపర్లు కుక్కి, గంటకోసారి మార్చి, ఫ్యాను కింద పెట్టాలి. అయినా ఒక జత సరిపోదు, రెండో జత కొనాల్సిందే. కాటన్ టీ-షర్టులు పక్కన పడేశాను. తడిస్తే గోనెసంచిలా వేలాడి, చంకల దగ్గర, తొడల దగ్గర ఒరిపిడి పెడతాయి. ఆ ఒరుసుకున్న చోట స్నానం నీళ్లు తగిలితే చూడాలి, వీధి చివరిదాకా వినబడేలా అరిచాను. కొబ్బరినూనె పావుగంటలో కారిపోతుంది. వాజిలిన్ నిలబడుతుంది. వీపు మీద చెమటకాయలకి నేను చేసేది, వచ్చీ రాగానే తడిబట్టలు మార్చడమే.

జులైలో వానలు పడ్డాక కాస్త ఊరట అనుకుంటే, సెప్టెంబరు, అక్టోబరు మళ్లీ ప్రాణం తీశాయి. వాన వెలిసి ఎండ కాసిందంటే బీచ్ రోడ్డు ఇడ్లీపాత్రే. అక్టోబరు ఆఖర్లో మోంథా తుపాను వారమంతా ఇంట్లోనే. అది వెళ్లాక, నవంబరులో ఒక పొద్దున తలుపు తీస్తే గాలి పొడిగా తగిలింది. ఫోనులో డ్యూ పాయింట్ 19.

ఆ రోజు గడియారంలో వేగం మళ్లీ కనబడేలా పెట్టుకున్నాను. 145 గుండెకే 6:45. పాత లెక్కకి ఇంకా ఇరవై అయిదు సెకన్లు వెనకే, కానీ ఆ పాత లెక్క ఎంత గుండెతో వచ్చేదో నేనెప్పుడూ చూసుకోలేదు. ఐరన్ మాత్రల పుణ్యమో, ఐదు నెలల చెమట పుణ్యమో కూడా తేల్చి చెప్పలేను. హిమోగ్లోబిన్ మాత్రం 12.1కి వచ్చింది.

వుడా పార్కు దగ్గర అదే పిట్టగోడ, అదే తట్ట. ఆగి పలకరిస్తే, గుర్తుపట్టడానికి ఒక్క క్షణం పట్టింది.

"ఏటమ్మా, ఈయేల ఎవులు తరిమినారు?"

ఈసారి ఇద్దరం నవ్వాం. అరకిలో నెత్తళ్లు తీసుకున్నాను. డబ్బులు ఫోనులోనే ఉన్నాయి, ఆవిడ దగ్గర స్కానర్ లేదు, పక్కన టీ కొట్టతనికి పంపిస్తే ఆయన నోట్లిచ్చాడు. నీళ్లు కారే ఆ సంచీ పట్టుకుని పరిగెత్తడం కుదరలేదు, కాళీ గుడి దాకా నడుచుకుంటూనే వచ్చాను. గడియారం ఆపడం మర్చిపోయాను. బేరంతో కలిపి ఆ రోజు సగటు కిలోమీటరుకి 11 నిమిషాల 12 సెకన్లు.