వలందా దేశంలో ఒక సోమవారం

సెప్టెంబర్, మొదటి సోమవారం. గాలి నైరుతి నుంచి. వాన రెండుసార్లు వచ్చి పోయింది.

వలందా అంటే హాలండ్, ఇప్పటి నెదర్లాండ్స్. సోమవారం ఈ దేశంలో ఊళ్లు చూసే రోజు కాదు. చాలా మ్యూజియాలకు సెలవు, చిన్న ఊళ్లలో కొన్ని కొట్లు మధ్యాహ్నం దాకా తెరవరు. అందుకని సోమవారాన్ని పల్లెకి, నీళ్లకి వదిలేయాలి. రాటర్‌డామ్‌లో ఎరాస్మస్ వంతెన దగ్గర వాటర్‌బస్ ఎక్కితే అరగంట పైచిలుకులో గాలిమరల పల్లె కిండర్‌డైక్. సైకిల్‌ని తోసుకుంటూ పడవలోకి వెళ్లిపోవచ్చు, దానికి విడిగా టికెట్ లేదు.

అద్దె సైకిల్ సంగతి ముందే తెలిసి ఉండాలి. చాలావాటికి వెనక బ్రేకు హ్యాండిల్ మీద ఉండదు. పెడల్‌ని వెనక్కి తొక్కితే చక్రం పట్టేస్తుంది. మనవాళ్లకి ఆగేముందు పెడల్‌ని ఊరికే వెనక్కి తిప్పే అలవాటు, ఇక్కడ అలా తిప్పితే నడిరోడ్డు మీద కుదుపుతో ఆగిపోతారు. ఆగేటప్పుడే కుడి పెడల్ పైకి వచ్చేలా చూసుకోవాలి, ఆగాక సరిచేసుకోవడం కుదరదు. ఇంకొకటి, రోడ్డు మీద తెల్ల త్రికోణాలు వరసగా గీసి ఉంటాయి. వాటిని షార్క్ పళ్లంటారు. మొనలు మనవైపు చూస్తుంటే అవతలివాడికి దారి ఇవ్వాల్సింది మనమే. ట్రామ్ పట్టాలు దాటేటప్పుడు చక్రం అడ్డంగా పోవాలి, ఏటవాలుగా పోయిందా గాడిలో దిగబడుతుంది.

కిండర్‌డైక్‌లో 19 గాలిమరలు. ఎక్కువ భాగం 1738, 1740లలో కట్టినవి. 1997లో యునెస్కో జాబితాలోకి ఎక్కాయి. ఫొటోలు చూసి ఇవి పిండి మరలనుకుంటారు. ఇవి ఏతాలు. గాలి తొక్కే ఏతాలు. ఇక్కడి నేల చాలావరకు పీట్, అంటే వేల ఏళ్ల రెల్లూ నాచూ కుళ్లి పేరుకున్న పొర. సాగు కోసం బోదెలు తవ్వి నీళ్లు తీసేశారు. నీళ్లు పోయి గాలి తగలగానే ఆ పొర అరిగిపోయి నేల కుంగింది. కుంగిన నేలలోకి మళ్లీ నీళ్లు. మళ్లీ తోడటం, మళ్లీ కుంగటం. చివరికి పొలం నదికంటే కిందికి పోయింది, తూము ఎత్తినా నీరు దానంతట బయటికి పోని స్థితి వచ్చింది. అప్పుడు లేచాయి ఈ మరలు. పొలం బోదెల నుంచి కింది కాలువలోకి, అక్కణ్ణించి మర చక్రం ఎత్తి పోస్తే పై చెరువులోకి. లెక్ నది మట్టం తగ్గేదాకా నీళ్లు ఆ పై చెరువులోనే కాచుకుని ఉండాలి, తగ్గాక తూములు ఎత్తుతారు. గోదావరి డెల్టాలో కాలువ నీటిని పొలానికి ఎలా పంచాలన్నది తగువు. ఇక్కడ పొలం నీటిని ఎక్కడికి గెంటాలన్నది తగువు. కరకట్ట మీద నిలబడితే ఒకవైపు పడవ, ఇంకోవైపు దానికంటే కింద మేస్తున్న ఆవులు.

మర దగ్గరికి వెళ్లి చూస్తే రెక్కల కొసలు దాదాపు గడ్డిని రాస్తూ తిరుగుతాయి. అందుకే ఒక్కో మరకి ఎదురెదురుగా రెండు తలుపులు. రెక్కలు ఒక తలుపు ముందు తిరుగుతుంటే ఇంకో దాంట్లోంచి బయటికి రావాలి. వెనక నేల దాకా దిగిన దూలాలు మర తోక. తోక చివర చక్రం, ఆ చక్రానికి గొలుసు, గొలుసుని చుట్టూ పాతిన గుంజలకి ఒకదాని తర్వాత ఒకదానికి తగిలించి తిప్పుతూ, పైనున్న టోపీని గాలికి ఎదురు నిలబెడతారు. గాలి వెనక నుంచి కొడితే టోపీ ఊడే ప్రమాదం. పెనుగాలిలో బ్రేకు బిగించడమూ ప్రమాదమే, చెక్కకి చెక్క రాసుకుని నిప్పు పుడుతుంది. కొన్ని మరల్లో ఇప్పటికీ కుటుంబాలు కాపురం ఉంటున్నాయి, తలుపు తీసి ఉంది కదా అని దూరకూడదు.

సరిగ్గా 12 గంటలకి సైరన్ మోగింది. గట్టు మీద ఎవరూ తల ఎత్తలేదు. నెలలో మొదటి సోమవారం మధ్యాహ్నం దేశమంతా పరీక్షకి మోగిస్తారు. పండగ రోజైతే మోగదు.

భోజనం రొట్టె, చీజ్, ఒక డబ్బా కార్నెమెల్క్. అచ్చం మన పుల్ల మజ్జిగ, కాస్త చిక్కన, ఉప్పు ఉండదు. ఇక్కడి తెలుగిళ్లలో మజ్జిగ పులుసు దీంతోనే అవుతుంది. ఖాళీ నీళ్ల సీసా మూత బిగించి దాచుకోవాలి: కొన్నప్పుడు కట్టిన డిపాజిట్, చిన్న ప్లాస్టిక్ సీసాకి, రేకు డబ్బాకి 15 సెంట్లు, పెద్ద సీసాకి 25 సెంట్లు, సూపర్‌మార్కెట్ మిషన్ తిరిగిస్తుంది. డబ్బాని నలిపితే బార్‌కోడ్ చదవలేక వెనక్కి నెట్టేస్తుంది.

దారికి ఫోన్ అక్కర్లేదు. సైకిల్ మీద దాన్ని చేత పట్టుకుంటే 2019 నుంచి జరిమానా కూడా. కూడళ్లలో అంకెలున్న స్తంభాలుంటాయి, వెళ్లాల్సిన అంకెలు చీటీ మీద రాసి హ్యాండిల్‌కి కట్టుకుంటే చాలు. దారి తప్పితే ముందుకి వెతుక్కోకుండా పాత స్తంభం దగ్గరికి వెనక్కి పోవాలి. అంకెలు 99 దాటవు, పక్క ప్రాంతంలో అవే మళ్లీ వస్తాయి.

ఊడ్-ఆల్‌బ్లాస్ ఊరి వైపు గాలి వీపున పడి తోస్తుంటే ఎవరికైనా తమ కాళ్ల మీద నమ్మకం పెరుగుతుంది. అక్కణ్ణించి పాపెన్‌ద్రెఖ్ట్‌కి మళ్లగానే లెక్క తేలింది. కొండలు లేని దేశంలో ఎక్కుడంటే గాలే. గొడుగు దండగ, జర్కిన్ కావాలి.

నది దాటితే డోర్‌ద్రెఖ్ట్. రాటర్‌డామ్‌కి రైలు త్వరగా పోతుంది కానీ, పనిరోజుల్లో సాయంత్రం 4 నుంచి 6:30 దాకా సైకిల్‌ని ఎక్కనివ్వరు. రైలుకి టికెట్ బదులు బ్యాంకు కార్డు గానీ ఫోన్ గానీ ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు మిషన్‌కి తాకించాలి. దిగేటప్పుడు మరిస్తే 20 యూరోలు కోత. ఎక్కేటప్పుడు ఫోన్, దిగేటప్పుడు అదే బ్యాంకు ప్లాస్టిక్ కార్డు తాకిస్తే మిషన్ లెక్కలో అవి ఇద్దరు మనుషులు.

మచిలీపట్నంలో వలందపాలెం అని ఒక పేట ఇప్పటికీ ఉంది. 17వ శతాబ్దంలో అద్దకం బట్టల కోసం దిగిన ఈ హాలండ్ వాళ్ల పేరే అది.  గడియారం 5:10. వాటర్‌బస్‌కి సైకిల్ నిషేధ వేళలు లేవు, రాటర్‌డామ్‌కి గంట.