మంచి వార్తలూ వస్తున్నాయి

ఈ మధ్య టీవీలో వార్తలు పెట్టాలంటేనే టెన్షన్. యుద్ధాలు, ధరలు, ప్రమాదాలు. వాటి మధ్యలో నేను గట్టిగా పట్టుకున్న వార్త ఒకటుంది. 2025 నవంబర్ 2న నవీ ముంబైలో మన అమ్మాయిలు దక్షిణాఫ్రికాను 52 పరుగుల తేడాతో ఓడించి, మొదటిసారి వన్డే ప్రపంచకప్ గెలిచారు. ఆ జట్టులో శ్రీచరణి ఉంది. మా కడప జిల్లా పిల్ల, వీరపునాయునిపల్లె మండలం! అదే ఏడాది ఏప్రిల్‌లో తొలి వన్డే ఆడి, ప్రపంచకప్‌లో 14 వికెట్లు తీసింది. ఎడమచేతి స్పిన్నర్.

ఆ ఎడమచెయ్యే మా ఇంట్లో చాలా మార్చింది. మా పాపది కూడా ఎడమచేతి వాటం. పెన్సిల్ ఆ చేత్తో పడితే చాలు, మా అత్త కసిరేది. "ఆడపిల్లకు ఎండలో ఆటలేంది" అని ఇంకో మాట. ఆ ఫైనల్ మేమందరం కూర్చొని చూశాం. మర్నాడు అత్తే అడిగింది, "ఆ పాప బంతి ఎట్ల పట్టుకుంటాది, చూపియ్యి" అని. పాప టెన్నిస్ బంతిని వేళ్ల మధ్య ఇరికించి, మణికట్టు తిప్పి చూపించింది. ఇప్పుడు మిద్దె మీద గోడకు బొగ్గుతో గీసిన వికెట్లున్నాయి. గీసింది అత్తే. సాయంత్రమైతే "టైమయింది, పోలేదా పాపా?" అంటాంది.

ఒక ఆటగత్తె గెలుపు ఇంత దూరం వస్తుందని నాకు తెలియదు. చాలా సంతోషంగా ఉంది.

కడపలో ఆడపిల్లలకు ఓపికగా నేర్పే కోచ్ ఎవరైనా తెలిస్తే చెప్పండి. వేసవి సెలవుల్లో చేర్పించాలి.